మావిస్ తట్టిన చెట్టు

మావిస్ గార్బట్ ముప్పై ఒక్క ఏళ్లు కెల్డ్‌బెక్ బడి వంటగదిలో గరిటె తిప్పింది. అన్నేళ్లూ ఆమె చెవులకు ఉన్న పేరు ఆమె వంటకు లేదు. పొయ్యి దగ్గర గ్రేవీ కలుపుతూ, వెనక్కి తిరక్కుండానే, "డారెన్, ఆ పిల్ల పుడింగు ఆ పిల్లకిచ్చెయ్" అనేది. భోజనాల హాలంతా గప్‌చిప్. ఆ పిల్లలు పెద్దవాళ్లై, పెళ్లిళ్లు చేసుకుని, బట్టతలలు వచ్చాక కూడా ఊరి కొట్లో ఆమె కనబడితే గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లు. అది చూసి మావిస్ లోలోపల మురిసిపోయేది.

చెవుల మీద ఆమెకు అంత పట్టింపు ఎందుకంటే, వాళ్లమ్మకు నలభై ఏళ్లకే వినికిడి పోయింది. కొట్లో, బస్సులో, చివరికి ఊరి చిన్న చర్చి అయిన చాపెల్ మెట్ల మీద కూడా జనం ఆమె మొహం మీద మొహం పెట్టి అరిచేవాళ్లు. అరిచాక పక్కకు తిరిగి నవ్వుకునేవాళ్లు. తల్లి కూడా వాళ్లతో కలిసి నవ్వేది, దేనికి నవ్వుతున్నారో తెలియకుండానే. పదేళ్ల మావిస్ ఆ పక్కన నిలబడి అంతా వినేది. చచ్చినా సరే, తను మాత్రం అలా నవ్వే రోజు రాకూడదనుకుంది.

భర్త విల్ఫ్ అడవిపని మనిషి. కంచెలు అల్లడం, చెట్లు కొట్టడం, ఏ చెట్టు ఉంచాలో ఏది కూల్చాలో చెప్పడం అతని బతుకుతెరువు. చేతిలో చెక్క సుత్తి ఒకటి ఉండేది. దానితో కాండాన్ని మూడుచోట్ల తట్టి, తల పక్కకు వంచి వినేవాడు. గట్టి చెట్టు టంగుమంటుంది. లోపల కుళ్లిన చెట్టు డబ్బుమంటుంది. "ఆకులు చూసి మోసపోకే, చచ్చే చెట్టు కూడా పైకి పచ్చగానే ఉంటుంది" అనేవాడు. పెళ్లైన కొత్తలో ఆదివారం సాయంత్రాలు షికారుకని తీసుకెళ్లి చెట్లు తట్టించేవాడు. ఇంకెవరి మొగుడైనా పువ్వులు కోసిచ్చేవాడేమో. మావిస్‌కు దక్కింది చెక్క సుత్తి. పిల్లలు కలగలేదు. అతను గుండె ఆగి పోయే నాటికి ఆ లోయలో చెట్టును తట్టి చెప్పగలిగిన వాళ్లు ఇద్దరే మిగిలారు. ఒకరు మావిస్, రెండోవాడు క్లిఫర్డ్ ఐవెసన్ అనే గొర్రెల రైతు.

విల్ఫ్ పోయిన మరుసటి ఏడే చాపెల్‌ను మూసేశారు. సభ్యులు పదకొండు మంది, కప్పులో కన్నాలు అంతకంటే ఎక్కువ. లీడ్స్ నుంచి వచ్చిన దంపతులెవరో కొనుక్కుని సెలవుల ఇల్లు చేసుకున్నారు. ప్రసంగ వేదిక ఉన్నచోట ఇప్పుడు టీవీ ఉంది. మావిస్ బాప్తిస్మం, పెళ్లి, విల్ఫ్ శవపేటిక ముందు నిలబడ్డది, అన్నీ ఆ గోడల మధ్యే జరిగాయి. ఆ దారిన నడవడం మానేసింది.

ఏడు ఊళ్ల చాపెళ్లు చూసుకునే పాస్టర్ గిలియన్‌కు అప్పుడొక ఆలోచన వచ్చింది. వయసులో చిన్నది, ఎప్పుడూ పరుగులో ఉంటుంది, ఎప్పుడూ ఏదో ఒకటి కారులో మరచిపోతుంది. ఒకరోజు మావిస్ వంటింట్లో కూర్చుని చెప్పింది.

"గోడలు పోతే పోయాయి మావిస్. చెట్ల కింద పెడదాం. నెలకో ఆదివారం. పిల్లలూ తల్లులూ అందరూ రావచ్చు. కదలకుండా కూర్చోమని ఎవరూ అనరు."

"వానొస్తే?"

"తడుస్తాం."

"నాకు అరవై తొమ్మిది. బురదలో దేవుణ్ణి వెతుక్కునే వయసా ఇది?"

"మీరు వెతకనక్కర్లేదు. టీ పెట్టండి చాలు."

టీ పెట్టడానికే వెళ్లింది మావిస్. క్లిఫర్డ్ తన పొలం చివరి అడవిని ఇచ్చాడు, వాగు పక్కది. మొదటి నెల తొమ్మిది మంది. మూడో నెలకు నలభై. గొర్రెల రైతుల పిల్లలు, కొత్త ఇళ్లలో అద్దెకొచ్చిన వాళ్లు, మొగుళ్లు వదిలేసిన తల్లులు, చంకలో కుక్కపిల్లలు. రబ్బరు బూట్లతో వాగులో నిలబడి కీర్తన పాడేవాళ్లు. మనసులో భారమున్న వాళ్లు ఒక గులకరాయి మీద చెప్పుకుని నీళ్లలో వదిలేవాళ్లు. పిల్లల కళ్లకు గంతలు కట్టి ఒక్కొక్కరినీ ఒక్కో చెట్టు దగ్గరికి నడిపించి, తడిమి గుర్తుపెట్టుకోమనేవాళ్లు. గంతలు విప్పాక ఎవరి చెట్టును వాళ్లు వెతికి పట్టుకోవాలి. పట్టుకున్న పిల్ల ఆ చెట్టు కోసం, ఇంట్లోవాళ్ల కోసం ప్రార్థన చేస్తుంది. "ప్రభువా, మా నాన్న తిరిగొచ్చేలా చెయ్యి, ఈ చెట్టుకి చీమలు పట్టకుండా చెయ్యి, ఆమెన్." మావిస్ మంట పక్కన రొట్టెముక్కలు కాలుస్తూ ఆ ప్రార్థనలన్నీ వినేది. తన బడి పిల్లలకు పుట్టిన పిల్లలు వాళ్లు. మూసిన చాపెల్ మీద దుఃఖం మొదటిసారి అక్కడే కాస్త తగ్గింది.

చిక్కల్లా చాపెళ్లన్నిటినీ నడిపే పై సంఘం వాళ్లతో వచ్చింది. పిల్లలు తిరిగే చోట చెట్లను ప్రతి నెలా తెలిసినవాళ్లు తనిఖీ చేసి కాగితం మీద సంతకం పెడితేనే బీమా వర్తిస్తుందన్నారు. పట్నం నుంచి నిపుణుణ్ణి పిలిపించే స్తోమత ఎవరికీ లేదు. గిలియన్ ఆ కాగితంలో విల్ఫ్ గార్బట్ భార్య పేరు రాసి పంపింది. వాళ్లు ఒప్పుకున్నారు. ఆరోజు నుంచి మావిస్ టీ పెట్టే మనిషి కాదు. ఆమె సంతకం లేనిదే ఆరాధన లేదు.

ఆరాధనకు ముందురోజు, నెలనెలా రెండో శనివారం పొద్దున్నే సుత్తి పట్టుకుని వెళ్లి ముప్పై నాలుగు చెట్లూ తట్టేది. క్లిఫర్డ్ కంచె అవతల నుంచి ఎకసెక్కం ఆడేవాడు.

"ఏం మావిస్, ఈ నెల ఏ చెట్టుకి ఉరిశిక్ష వేస్తున్నావ్?"

"నీ మోకాళ్లు తట్టమంటావా? అవి డబ్బుమంటాయ్."

"అవెప్పుడో కుళ్లాయిలే. రేపు ఆ ఓట్స్ తీపిబిళ్లలు చేస్తున్నావా లేదా?"

"దేవుడు లేడన్నవాడికి బిళ్లలెందుకు?"

"లేడని నేనెప్పుడన్నాను? నాకు తెలీదన్నాను. పిల్లలు పాడితే బాగుంటుంది, అంతే."

దేవుడి సంగతి తెలియదన్న ఆ మనిషే ఆదివారం పొలంలో పని ముట్టేవాడు కాదు. తండ్రి ముట్టలేదు, తాత ముట్టలేదు, తనూ ముట్టడు. వాన ముంచుకొస్తున్నా సరే, కోసిన గడ్డి శనివారం చీకటి పడేలోపు లోపలికి రావాలి.

వినికిడి పోవడం డెబ్బై దాటాక మొదలైంది. ముందు తెల్లవారుజాము పిట్టలు పోయాయి. తర్వాత ఫోనులో మాటలు పోయాయి. మావిస్ ఫోను పాడైందని కొత్తది కొంది. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టడం చిన్నప్పుడు తల్లి దగ్గర చూసిందే కాబట్టి తొందరగానే వచ్చేసింది. పిల్లలు తనతో మాట్లాడాలంటే పరిగెత్తుకొచ్చి ఎదురుగా నిలబడి మొహంలోకి చూసి మాట్లాడుతుంటే, ఈ కాలం పిల్లలకు మర్యాద తెలుసని సంతోషించింది.

ఒక మార్చి శనివారం నాడు మాత్రం తనను తాను మోసం చేసుకోవడానికి వీల్లేకపోయింది. వాగు మలుపులో చచ్చిన మోడొకటి ఉంది. లోపలంతా డొల్లని ఊరికంతా తెలుసు, గుడ్లగూబ కాపురం ఉంటుంది. దారిన పోతూ సరదాగా దాన్ని తట్టింది. గట్టి ఓక్ చెట్టు ఎలా వినబడిందో అదీ అలాగే వినబడింది. దూరంగా, దుప్పటి కప్పినట్టు. మళ్లీ తట్టింది. మళ్లీ అదే. ఓక్ దగ్గరికి పోయి తట్టి, మోడు దగ్గరికొచ్చి తట్టి, అలా ఐదారుసార్లు తిరిగింది. చివరికి సుత్తి పక్కన పెట్టి ఆ తడి గడ్డిలోనే కూర్చుంది.

ఆసుపత్రికి ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వెళ్లింది. తల్లికున్నదే నీకూ వచ్చిందన్నారు. చెవికి తగిలించుకునే చిన్న మిషను ఉచితంగానే ఇచ్చారు. ఒక్కరోజు పెట్టుకుంది. కొట్లో పనిచేసే పిల్ల అది చూడగానే గొంతు పెంచి, ఒక్కో మాటా విడదీసి, "ఏం - కావాలి - బామ్మా?" అంది. ముందురోజు దాకా ఆ పిల్ల "మిసెస్ గార్బట్" అనేది. మావిస్ ఇంటికొచ్చి మిషను తీసి అలమరలో పడేసింది.

పెట్టుకుని ఉంటే ఆ డబ్బుమనేది వినబడేదా? వినబడేదేమో. ఆమె ఆ సంగతి ఆలోచించదలచుకోలేదు. తన చెవులు పనిచేయవని తెలిస్తే సంతకం చెల్లదు. సంతకం చెల్లకపోతే అడవిలో పాటలుండవు. తను మళ్లీ ఆదివారం పూట కిటికీ దగ్గర కూర్చున్న ముసలిదవుతుంది. అందుకని చేతికి తెలుస్తుందని తనకు తాను చెప్పుకుంది. సుత్తి పిడిలోంచి అదురు తెలుస్తుంది కదా, నలభై ఏళ్లుగా తట్టిన చెయ్యి కదా. అలా చెప్పుకుంటూ రెండేళ్లు, నెలనెలా, ముప్పై నాలుగు చెట్ల ఎదుటా 'తట్టి చూశాను, గట్టి' అని రాసింది. కొన్ని చెట్ల జబ్బు కొమ్మలను కంటితోనే పట్టి నరికించింది కూడా. దాంతో ధైర్యం ఇంకా పెరిగింది.

ఆ జులైలో గడ్డి కోత ఆలస్యమైంది. మూడు వారాలు వాన. రెండో శనివారం ఎండ కాసింది, ఆదివారం రాత్రికి మళ్లీ వానన్నారు. లోయంతా ట్రాక్టర్లే. మావిస్ పొద్దున్నే అడవికెళ్లి తన పని తను చేసుకొచ్చింది. మంట వేసే చోటికి ఇరవై అడుగుల దూరంలో ఐవీ తీగ నడుం దాకా అల్లుకున్న పెద్ద యాష్ చెట్టు ఉంది. ఆ దేశమంతా యాష్ చెట్లకు తెగులు తగిలి కొమ్మలు ఎండుతున్నాయి, దీనికి మాత్రం చిగుళ్లు దట్టంగా ఉన్నాయి. తీగను పక్కకు లాగి మూడుచోట్ల తట్టింది. చేతికి బాగానే ఉన్నట్టనిపించింది. రాసేసింది.

ఆదివారం మధ్యాహ్నం గాలి ఊపిరి బిగబట్టినట్టు ఉంది, ఆకు కదల్లేదు. యాభై మందికి పైగా వచ్చారు. క్లిఫర్డ్ జుట్టులో ఇంకా గడ్డిపరకలుండగానే వచ్చి, యాష్ చెట్టు మొదట్లో పాలడబ్బాల పెట్టె బోర్లించి, దానిమీద కూర్చుని కాండానికి వీపు ఆనించాడు. ముందురోజంతా గడ్డి మోసిన మనిషి, రెండో కీర్తనకే కళ్లు మూశాడు. పిల్లల ఆట అయింది. మార్తా అనే ఐదేళ్ల పిల్ల వెతికి పట్టుకున్న చెట్టు అదే. నిద్రపోతున్న క్లిఫర్డ్ మోకాలు పట్టుకుని, చెట్టు కోసం ఒక ప్రార్థన, ఆ నిద్రపోయే తాత కోసం ఒకటి చేసింది. రొట్టెలు కాలాయని తల్లి పిలిస్తే మంట వైపు పరుగెత్తింది.

మావిస్ అటు వీపు పెట్టి కప్పుల్లో టీ వంచుతోంది. ఎదురుగా ఉన్న వాళ్లందరి తలలూ ఒక్కసారిగా పైకి లేచాయి. ఒక్కరు కాదు, అందరూ, పసివాళ్లతో సహా. నోళ్లు తెరుచుకున్నాయి. ఆమెకేమీ వినబడలేదు. ఆ మొహాలు చూసి, ఏమైందా అని నవ్వుతూ వెనక్కి తిరిగింది. చెట్టు మొదలంటా విరిగి, ఐవీ తీగతో సహా, మంటకు అవతలి వైపు క్లిఫర్డ్ మీదికి వాలిపోతోంది. నేల అదిరింది. అది మాత్రం కాళ్లకు తెలిసింది. కప్పు చేతిలో అలాగే ఉంది.

క్లిఫర్డ్‌ను బయటికి తీయడానికి రంపాలు తెచ్చుకోవాల్సి వచ్చింది. అతని ట్రాక్టరు షెడ్డులోంచే తెచ్చారు. అంబులెన్సు వాళ్లు చేయడానికి ఏమీ లేకపోయింది. ఆ వానలకు తెగులు మొదట్లోకి పాకి, విరిగిన మొదలు లోపల నల్లగా, తడి రొట్టెలా ఉంది. ఇంత మందాన పైపెచ్చు మాత్రమే గట్టిది. మావిస్ వేలితో నొక్కితే వేలు లోపలికి దిగింది.

తర్వాతి మూడు వారాలూ ఊరు ఆమెను కంటికి రెప్పలా చూసుకుంది. అదే ఆమెకు భరించరానిదైపోయింది. గుమ్మంలో పూలు, కేకులు, పిల్లలు గీసిన కార్డులు. తెగులు తగిలిన చెట్టు, ఎవరేం చేస్తారన్నారు. గిలియన్ రోజు విడిచి రోజు వచ్చి ఎదురుగా కూర్చునేది.

"అసలు చప్పుడే రాలేదు మావిస్. ఎవ్వరం వినలేదు. వింటే ఆయన్ని లేపేవాళ్లం కదా."

మావిస్ ఆమె పెదాల వంకే చూసింది. అబద్ధం. యాభై మంది తలలెత్తడం తను చూసింది. పాస్టరు తనకోసం అబద్ధమెందుకు ఆడుతోంది? ఎంతవరకు తెలుసు ఈ పిల్లకు?

"సెప్టెంబరు తొమ్మిదిన విచారణ," అంది గిలియన్. "చావుకు కారణం తేల్చే ఆ కొరోనర్ అడుగుతాడు. మీరేమీ అబద్ధం చెప్పక్కర్లేదు. తట్టారా అంటే తట్టానని చెప్పండి. తట్టారు కదా. ప్రమాదమని తేలితే అక్టోబరులో ఇంకో అడవిలో మొదలుపెట్టుకోవచ్చని పై సంఘం మాటిచ్చింది. పిల్లలు అడుగుతున్నారు. మార్తా మరీనూ."

తట్టానని చెప్తే చాలు. అది నిజమే. ఆ ఒక్క నిజంతో ఆరాధన నిలబడుతుంది, పరువు నిలబడుతుంది. మావిస్ ఆ మాటను మనసులో అటూ ఇటూ తిప్పుతూ పది రోజులు గడిపింది. పదకొండో రోజున ఇక తట్టుకోలేక ఐవెసన్ల ఇంటికి నడిచింది.

ఆడ్రీ ఐవెసన్ వాకిట్లో కుక్కలకు తిండి పెడుతోంది. మొగుడు పోయిన ఆడదానికి పలకరింపులు చాలించుకునే హక్కుంటుంది. ఆమె రమ్మనలేదు, పొమ్మనలేదు.

"ఆడ్రీ, నీకొకటి చెప్పాలి. ఆ చెట్టు..."

ఆడ్రీ గిన్నె కింద పెట్టి నిటారుగా నిలబడి, సూటిగా మావిస్ మొహంలోకి చూసింది. "నీకు చెవుడని చెప్పడానికొచ్చావా?"



"నీకెలా..."

"నేనెంత గట్టిగా మాట్లాడుతున్నానో చూశావా? రెండేళ్లుగా నీతో ఇలాగే మాట్లాడుతున్నాను. అందరం ఇలాగే. మిసెస్ గార్బట్‌తో ఎదురుగా నిలబడి మాట్లాడాలని పిల్లలకి కూడా నేర్పాం. నీకిప్పటిదాకా తెలీనే లేదా?"

మావిస్ కంచె కర్ర పట్టుకుంది.

"తెలిసే... నన్ను చెట్లు తట్టనిచ్చారా?"

"నిన్ను తట్టనిచ్చి, ఆయన తట్టేవాడు," అంది ఆడ్రీ. "నువ్వు శనివారం పొద్దున తట్టిపోయేదానివి. సాయంత్రం గొర్రెలు చూసొస్తానని ఆయన వెళ్లి ముప్పై నాలుగూ మళ్లీ తట్టేవాడు. రెండేళ్లు. మంచులో కూడా. ఆ మోకాళ్లేసుకుని. ఒకసారి వాగులో జారిపడి వారం రోజులు మంచమెక్కాడు. ఎందుకయ్యా ఈ పాట్లు, మావిస్‌తో చెప్పెయ్యొచ్చు కదా అన్నాను. 'తన చేతిలోంచి ఆ సుత్తి లాక్కుంటే ఇంక తనకేం మిగుల్తుంది ఆడ్రీ' అన్నాడు."

ఆడ్రీ కింద పెట్టిన గిన్నెను కుక్కల ముందుకు జరిపింది.

"ఆ శనివారం గడ్డి. నీకు తెలుసుగా, ఆదివారం ముట్టడు. చీకటి పడేదాకా మోశాడు. సుత్తి పట్టుకుని బయల్దేరాడు కూడా. నేనే ఆపాను. ఒక్క నెలకేమవుతుందిలే, అన్నం తిని పడుకో అన్నాను." ఆడ్రీ కుక్కను కాలితో పక్కకు నెట్టి మళ్లీ అందుకుంది. "మొన్న బీమా మనిషొచ్చాడు. స్థలం యజమాని తన చెట్ల బాగోగులు పట్టించుకోలేదని రాసుకుపోయాడు. తన స్థలంలో చెట్టు, తనే చూసుకోవాలట. మా ఆయన పట్టించుకోలేదట. మా ఆయన!"

"నన్ను క్షమించు ఆడ్రీ."

"క్షమాపణ కోసమొస్తే మాత్రం మళ్లీ ఈ గుమ్మం తొక్కకు. చెట్టు పడ్డందుకు నిన్నేమీ అనను. చెట్లు పడతాయి. బఠాణీ గింజంత మిషను చెవిలో పెట్టుకోవడానికి నీకు సిగ్గేసింది. నీ సిగ్గు దాచడానికి ఊరంతా నాటకమాడింది. ఆ నాటకంలో పోయింది మా ఆయన. నీకు కేకులు తెస్తున్నారంట కదా, తిను."

ఆడ్రీ లోపలికెళ్లి తలుపేసుకుంది. మావిస్ ఇంటికెలా చేరిందో ఆమెకే తెలియదు. ఆ రాత్రి కేకులన్నీ చెత్తలో వేసింది. తల్లిని చూసి నవ్విన వాళ్ల కంటే, తనను చూసి నవ్వకుండా జాగ్రత్తపడిన వీళ్ల మీద ఆమెకు ఎక్కువ కోపం వచ్చింది. తర్వాత ఆ కోపమంతా తన మీదికే తిరిగింది. మర్యాద ఈ లోయ జనానికి పుట్టుకతో వచ్చిన రోగం. ఎదుటివాడు గోతిలో పడుతున్నా, గొయ్యి ఉందని చెప్పడం మోటుతనమనుకుంటారు. ఆ రోగం అందరికంటే ఎక్కువగా కావాలనుకున్నది మాత్రం తనే.

విచారణ జిల్లా కేంద్రంలో, ఒక మామూలు ఆఫీసు గదిలో జరిగింది. బల్లలు, నీళ్ల జగ్గు, కిటికీ బయట కార్లు. ఊరివాళ్లు ఇరవై మంది దాకా వచ్చారు. ఆడ్రీ ముందు వరసలో నల్లకోటు వేసుకుని ఎవరివైపూ చూడకుండా కూర్చుంది. సాక్షి కుర్చీకి పక్కనే ఉండటానికి గిలియన్ అనుమతి తీసుకుంది, ముసలావిడకు ధైర్యం కోసమని చెప్పి. ప్రశ్నలు పెదాలతో అందించడానికని మావిస్‌కు అర్థమైంది.

కొరోనర్ సన్నగా, నెమ్మదిగా ఉన్న మనిషి. ఎదురుగా తనిఖీ కాగితం ఉంది, దానికింద మావిస్ సంతకం ఉంది. అతను తల వంచి, కాగితం వైపే చూస్తూ ఏదో అడిగాడు. పెదాలు కనబడలేదు. నుదురు కనబడింది, అంతే. గదిలో అందరూ మావిస్ వైపు తిరిగారు. ఎవరి మొహంలోనూ ఆశ్చర్యం లేదు, జాలే ఉంది. గిలియన్ వెంటనే ముందుకు వంగి, చెయ్యి అడ్డం పెట్టుకుని, ప్రశ్నను ఆమె ఎదుట పెదాలతో తిరిగి చెప్పబోయింది. తట్టి చూశారా అని. తట్టానని ఒక్క మాట అంటే అయిపోతుంది. అక్టోబరు వస్తుంది, పిల్లలొస్తారు, వాగులో పాటలుంటాయి.

మావిస్ గిలియన్ చేతిని పట్టుకుని కిందికి దించింది.

"వద్దమ్మా. ఆయన్నే అడగనీ." కొరోనర్ వైపు తిరిగింది. తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో ఆమెకు తెలియదు. గోడలు అదిరేంత పెద్దగా వచ్చింది. "మీరు తలెత్తి, కాస్త గట్టిగా అడగండి బాబూ. నాకు చెవులు వినపడవు. రెండేళ్ల నుంచి వినపడవు. ఆ చెట్టు తట్టినప్పుడూ వినపడలేదు. వినపడిందని రాసి సంతకం పెట్టాను. క్లిఫర్డ్ ఐవెసన్ తన చెట్లను పట్టించుకోలేదని ఎవరో రాశారట, అది కొట్టెయ్యండి. నా తర్వాత నెలనెలా వెళ్లి తట్టింది ఆయనే."

గిలియన్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. వెనక వరసల్లో కొందరు తలలు దించుకున్నారు. ఆడ్రీ మాత్రం మొదటిసారి తల తిప్పి మావిస్‌ను చూసింది. ఆ చూపులో క్షమ ఏమీ లేదు. చాలాసేపు చూసి మళ్లీ ముందుకు తిరిగింది.

ఇక ఆ లోయలో ఏ చెట్టు కిందా ఎవరూ పాడరని మావిస్‌కు తెలుసు. కొరోనర్ కలం కింద పెట్టి, తలెత్తి, ఆమె కళ్లలోకి చూస్తూ, మొదటి ప్రశ్న నుంచి మళ్లీ గట్టిగా అడగడం మొదలుపెట్టాడు.